ఎడమవైపు ఊపిరి

దాన్ని క్లోరిన్ దగ్గు అనుకున్నాను. పూల్‌లో మందు ఎక్కువ పడిన రోజు మేమందరం దగ్గుతాం. అప్పుడు నాకు పదిహేడేళ్ళు. తెల్లవారుజామున 5 గంటలకల్లా గచ్చిబౌలి స్టేడియం 50 మీటర్ల పూల్‌లో దిగేవాణ్ణి. సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడుతుంటే అలసట అని సరిపెట్టుకున్నాను. ఫ్రీస్టైల్‌లో నేను మూడు స్ట్రోకులకోసారి, ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి తిరిగి ఊపిరి తీసుకుంటాను. ఆ రోజు ఎడమకి తిరిగి గాలి పీల్చగానే పక్కటెముకల్లో కత్తి దిగినట్టయింది. లేన్ తాడు పట్టుకుని ఉండిపోయాను.

ఎక్స్‌రేలో ఎడమ ఊపిరితిత్తి కింది భాగం తెల్లగా కనిపించింది. దాని చుట్టూ ఉండే పొరలో నీరు చేరిందట. సూదితో తీసి పరీక్షిస్తే టీబీ అని తేలింది. "వద్దంటే వినకుండా నీళ్ళలో పడి ఉన్నావు, ఆ నీళ్ళే చేరాయి నాయనా" అని నాయనమ్మ ఏడ్చింది. అది పూల్ నీరు కాదమ్మా, క్రిమి వల్ల లోపలే ఊరిన నీరు అని డాక్టర్ గారు ఆమెకు ఓపిగ్గా చెప్పారు. ఆ ఓపికను నేను మరిచిపోలేను.

ఆరు నెలల మందులు. మొదటి రెండు నెలలు నాలుగు రకాలు, తర్వాత మూడు. రిఫాంపిసిన్ వల్ల మూత్రం నారింజ రంగులో వస్తే హడలిపోయాను. మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇచ్చింది. టీబీ రోగుల తిండి కోసం ప్రభుత్వం డబ్బులిచ్చే నిక్షయ్ పోషణ్ యోజన కింద అప్పట్లో నెలకు వచ్చే 500 రూపాయలతో అమ్మ గుడ్లు కొనేది. ఇరుగుపొరుగుకి మాత్రం నిమోనియా అని చెప్పింది. అది నాకు చాలా బాధగా ఉండేది. నేను మా కోచ్ సార్‌కీ, తోటి స్విమ్మర్లకీ ఉన్నదున్నట్టు చెప్పేశాను.

ఇంట్లో నా ఈతంతా మూడు బంతుల స్పైరోమీటర్‌తోనే, అంటే గొట్టంలోంచి గాలి పీల్చి బంతుల్ని పైకి లేపే ఊపిరి వ్యాయామ పరికరంతోనే. ఎంత వేగంగా గాలి పీలిస్తే ఏ బంతి లేస్తుందో 600, 900, 1200 అని దాని మీద రాసి ఉంటుంది. మొదట్లో ఒక్క బంతే లేచేది. జకార్తా ఏషియన్ గేమ్స్‌లో ఆరు స్వర్ణాలు గెలిచి, 2019లో ల్యుకేమియా బారినపడి, మళ్ళీ టోక్యో ఒలింపిక్స్‌లో ఈదిన జపాన్ అమ్మాయి రికాకో ఇకీ ఫోటో ఎదురుగా పెట్టుకునేవాణ్ణి. ఆమె జబ్బుకీ నా జబ్బుకీ పోలికే లేదు, అయినా ధైర్యం వచ్చేది. మూడో బంతి లేవడానికి పదకొండు వారాలు పట్టింది.

డాక్టర్ గారు సరేనన్నాక నాలుగో నెలలో కిక్ బోర్డుతో, అంటే చేతుల్తో పట్టుకుని కాళ్ళు మాత్రమే ఆడించే తేలే పలకతో, మొదలుపెట్టాను. సార్ స్టాప్‌వాచ్ జేబులోంచి తీయలేదు.

చివరి మాత్ర వేసుకున్న మర్నాడు 400 మీటర్లు ఈదాను. పాత టైమ్ కన్నా 40 సెకన్లు ఎక్కువే పట్టింది. ఎడమవైపు ఊపిరి మాత్రం ఒక్కటీ వదల్లేదు.