టైర్లు మార్పించి అరకు వెళ్ళాం

అమ్మకి రెండు చెవులకీ మిషన్లున్నాయి. ఇంట్లో టీవీ కట్టేసి ఎదురుగా కూర్చుంటే మాట చక్కగా అందుతుంది. కారెక్కితే మాత్రం మాటల్లోంచి తప్పుకుని కిటికీ వైపు తిరిగిపోతుంది. మిషను మన మాటని పెంచినట్టే టైర్ల హోరునీ పెంచుతుంది. పైగా ఆ హోరు కింది స్థాయిలో మందంగా ఉంటుంది గనక మాటలోని సన్నటి హల్లులన్నీ దాని కింద పడిపోతాయి. ‘కల’ అన్నా ‘తల’ అన్నా ఆవిడకి ఒకటే.

మా పిన్ని పెందుర్తిలో ఉంటుంది. అక్కచెల్లెళ్ళిద్దరూ శృంగవరపుకోటలో పుట్టి పెరిగినవాళ్ళు. కలిసి అరకు వెళ్ళిరావాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నారు. వాళ్ళిద్దరూ వెనకసీట్లో కూర్చుని దారంతా కబుర్లు చెప్పుకోవాలి, బండి నేను నడపాలి. అరకు చూడటం కంటే ఆ కబుర్లే ముఖ్యమని నాకు తెలుసు. అందుకే ఈ ప్రయాణానికి ముందు టైర్ల సంగతి తేల్చుకోవాలనుకున్నాను.

అన్నయ్య ఊరు మారుతూ మాకిచ్చి వెళ్ళిన జర్మన్ సెడాన్ మాది. ఇంజను చప్పుడు లోపలికి రాదు, అద్దాలు మందం, తలుపు వేస్తే బయటి ప్రపంచం ఆగిపోతుంది. అయినా 60 దాటగానే వెనకసీటు కింద ‘గుంయ్’మంటూ హోరు మొదలయ్యేది. ఖరీదైన కార్లలో ఇది ఇంకా ఎక్కువగా తెలుస్తుంది. ఇంజను, గాలి చప్పుళ్ళు రెండూ అణిగిపోయాయి గనక మిగిలిన టైరు చప్పుడొక్కటే చెవిన పడుతుంది.

బండి చూసిన మొదటి మెకానిక్కు వీల్ బేరింగు పోయిందన్నాడు. బేరింగుకి డబ్బు పెట్టేముందు ఒకసారి పరీక్షించి చూద్దామనిపించింది. ఆదివారం తెల్లవారుజామున ఋషికొండ దాటాక రోడ్డు ఖాళీగా ఉంటుంది. 60 వేగంలో స్టీరింగు కొద్దికొద్దిగా ఎడమకీ కుడికీ తిప్పుతూ వెళ్ళాను. బేరింగు పోయుంటే బరువు ఒక పక్క నుంచి మరో పక్కకి మారినప్పుడు శబ్దం పెరగాలి, తగ్గాలి. ఏ మార్పూ లేదు. కానీ కొత్తగా తారు వేసిన నున్నటి ముక్క మీదికి ఎక్కగానే హోరు సగానికి పడిపోయింది, పాత గరుకు రోడ్డు రాగానే మళ్ళీ లేచింది. హైవే మీద టోల్ గేటు దగ్గర కాంక్రీటు వేసిన చోట అన్నిటికంటే ఎక్కువ. రోడ్డుతోపాటు శబ్దం మారిందంటే అది టైర్ల వల్లే.

గాజువాక వైపున్న ఒక టైర్ల షాపుకి తీసుకెళ్ళాను. పెద్దాయన బండిని లిఫ్టు ఎక్కించకముందే కింద కూర్చుని వెనక టైరు లోపలి అంచు మీద అరచెయ్యి పెట్టాడు. "ఏటండీ మేడమ్, బేరింగంటారా? ముందిక్కడ చెయ్యెట్టి సూడండి," అన్నాడు. ఒకవైపుగా నిమిరితే నున్నగా ఉంది. ఎదురు దిశలో నిమిరితే గాళ్ళ మధ్య ఉండే ప్రతి రబ్బరు గడీ అంచూ వేలికి తగిలింది. గడీలు ఒకవైపు అరిగి, మరోవైపు ఎత్తుగా నిలబడ్డాయి. అలైన్‌మెంట్, అంటే చక్రాలు నిలబడే కోణాల అమరిక, తప్పినా, షాక్ అబ్జార్బరు బలహీనపడినా టైరు ఇలాగే అరుగుతుంది. ఇలాంటి కార్లలో వెనక చక్రాలు పైభాగం లోపలికి వంగేట్టు అమర్చి ఉంటాయి. మలుపుల్లో పట్టు కోసం ఆ ఏర్పాటు. దానివల్ల లోపలి అంచు మీద బరువు ఎక్కువ పడుతుంది. బయట నిలబడి చూసినవాళ్ళకి టైరు కొత్తదానిలా కనిపిస్తుంది, లోపలివైపు మాత్రం అరిగి ఉంటుంది. వెనకసీట్లో అమ్మకి వినిపించే హోరంతా అక్కడిదే.

టైరు పక్కన డాట్ (DOT) అక్షరాల తర్వాత చివర్లో ఉండే 4 అంకెలు ఆయనే చూపించాడు. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 3218 అని ఉంటే 2018లో 32వ వారం అన్నమాట. మావి బాగా పాతవి. వయసుకొద్దీ రబ్బరు గట్టిపడుతుంది. మన విశాఖ ఎండలో నిలబెట్టే బళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. గట్టిపడ్డ రబ్బరు రోడ్డు మీది చిన్న రాయిని కూడా మింగుకోలేదు, ఆ దెబ్బని యథాతథంగా చట్రానికి అందిస్తుంది.

మాకున్నవి రన్-ఫ్లాట్ టైర్లు. పక్కగోడలు బాగా మందంగా, బిరుసుగా ఉంటాయి. పంక్చరై గాలి మొత్తం పోయినా మామూలుగా 80 కిలోమీటర్ల వేగం మించకుండా 80 కిలోమీటర్ల దాకా వెళ్ళొచ్చు. భరోసా మంచిదే. ఆ బిరుసుదనమే గతుకుల్నీ చప్పుడునీ లోపలికి పంపిస్తుంది. నేను మామూలు టైర్లకి మారాలని నిర్ణయించుకున్నాను. అయితే ఆ భరోసా పోతుంది కాబట్టి దానికి బదులు ఏదైనా ఉండాలి. డిక్కీలో సరిపోయే స్టెప్నీ, జాకీ, గాలి కొట్టే చిన్న కంప్రెసరు మూడూ ఏర్పాటు చేసుకున్నాకే మార్పించాను. అనంతగిరి మలుపుల్లో ఫోను అందని చోట ఇద్దరు పెద్దవాళ్ళతో ఆగిపోవడం నాకు ఇష్టం లేదు. ఇంకోమాట, నాలుగూ ఒకే రకం ఉండాలి. రెండు రన్-ఫ్లాట్లు, రెండు మామూలువి కలిపితే బండి నడక పాడవుతుంది.

లోపల నురుగు అంటించిన టైర్లు తీసుకోమని షాపులో కుర్రాడు చెప్పాడు. మిషెలిన్, కాంటినెంటల్, పిరెల్లి అందరూ చేస్తున్నారు. టైరు లోపలి గాలి కూడా మోగుతుంది. కారు టైర్లలో ఆ మోత దాదాపు 200 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. వంతెనల అతుకులు దాటేటప్పుడు వినిపించే ‘టంగ్’ అదే. నురుగు దాన్ని మింగేస్తుంది. కానీ రబ్బరు గడీలు రోడ్డుని కొట్టే చప్పుడుని అది తగ్గించలేదు. మా బాధ రెండోది. పైగా పంక్చరైతే ఆ చోట నురుగు కోసి, ప్యాచ్ వేసి, తిరిగి అంటించాలి, అన్ని చోట్లా చెయ్యరు. అందుకని వద్దన్నాను. బాగా నున్నటి హైవేల మీద తిరిగేవాళ్ళకి మాత్రం అవి పనికొస్తాయని నమ్ముతున్నాను.

టైర్లకి వేసే యూరప్ లేబుల్ మీద డెసిబెల్ అంకె చూసి టైరు కొనేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. అది కారు వెళ్తుంటే రోడ్డు పక్కన కొలిచిన చప్పుడు, లోపల కూర్చున్నవాళ్ళకి వినిపించేది కాదు. రెండు టైర్ల మధ్య 3 డెసిబెళ్ళ తేడా అంటే శబ్దశక్తిలో రెట్టింపు కాబట్టి ఆ అంకె పనికిరానిదేమీ కాదు. దానొక్కదాన్నే నమ్ముకోకూడదు, అంతే. నేను గడీల అమరిక చూశాను. అన్ని గడీలూ ఒకే కొలతలో ఉంటే రోడ్డుకి తగిలినప్పుడల్లా ఒకే స్వరం లేచి పాటలా సాగుతుంది. పొడవు పొట్టి గడీల్ని కలిపి పేరిస్తే ఆ స్వరం చెదిరిపోతుంది. టైరు పక్క అంచు దగ్గర గాళ్ళు బయటికి తెరుచుకోకుండా మూసుకుని ఉంటే ఇంకా మేలు. సైజు పాతదే, 245/45 ఆర్ 18. లోడ్ ఇండెక్సు 100, అంటే ఒక్కో టైరు 800 కిలోలు మోయగలదు. నిశ్శబ్దం కోసం ఈ అంకెని తగ్గించుకోవడం తప్పు. నాలుగూ కలిపి 80 వేల పైచిలుకు అయ్యాయి.

టైర్లు ఎక్కించేలోపే వెనక సస్పెన్షన్ కీళ్ళ దగ్గరుండే రబ్బరు బుష్‌లు చూపించాను, ఒకటి పగిలి ఉంది. అది మార్చాకే అలైన్‌మెంట్ చేయించాను. ఈ వరుస తప్పితే కొత్త టైర్లు కూడా కొన్నాళ్ళకి అలాగే అరిగి మళ్ళీ అదే హోరు. డబ్బు తక్కువుంటే ఖరీదైన టైరుకి పెట్టేదాంట్లో కొంత తగ్గించి ముందు బుష్‌లూ అలైన్‌మెంటూ చూసుకోమని అందరికీ చెబుతాను.

కొత్త టైరు అచ్చులోంచి ఊడి రావడానికి పూసిన పదార్థం పైన ఇంకా ఉంటుంది, మొదటి 200, 300 కిలోమీటర్లు పట్టు తక్కువ. అందుకని ఘాట్ వెంటనే ఎక్కలేదు. భీమిలి దాకా, ఆ తర్వాత అరసవల్లి దాకా మెల్లగా తిప్పి వచ్చాను. భీమిలి దారిలో తొట్లకొండ దాటాక అమ్మ తనంతట తనే అడిగింది: "బండి ఆపేశావా ఏంటే?" అప్పుడు 50 మీద ఉన్నాం.

అరకుకి తెల్లవారుజామునే బయల్దేరాం. ఎన్.ఏ.డి. కొత్త రోడ్డు, గోపాలపట్నం, వేపగుంట అన్నీ ఖాళీ. పెందుర్తిలో పిన్నిని ఎక్కించుకున్నాం. కొత్తవలస దాటాక రోడ్డు రైలుమార్గానికి దగ్గరవుతుంది. వెనకనుంచి కబుర్లు మొదలయ్యాయి.

ఈ కొత్తవలస-కిరండోల్ లైను 1960ల్లో వేశారు. బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించి జపాన్‌కి పంపడం కోసం. అప్పటికి అమ్మ బడికెళ్ళే పిల్ల, పిన్ని ఇంకా చిన్నది. శృంగవరపుకోట దగ్గర పడుతుంటే అమ్మ అంది: "ఒసేయ్ చిన్నీ, నాన్న మనల్ని బౌడారా వైపు తీసికెళ్ళి కొండ పగలగొట్టడం చూపించారు, గుర్తుందా?"

"లేకేం అక్కా. డైనమైటు పేలబోతోందని విజిల్ వెయ్యగానే నువ్వు నీ చెవులు వదిలేసి నా చెవులు మూసేదానివి."

అమ్మ నవ్వింది. ఆ మాట ఆవిడకి మొదటిసారే అందింది, మళ్ళీ చెప్పమనలేదు. ఆ లైను మీద తాము ముందు చూసింది గూడ్సు బళ్ళేననీ, ఎర్రటి ధూళి పట్టిన వ్యాగన్లు లెక్కపెట్టి పందెం వేసుకునేవాళ్ళమనీ ఇద్దరూ చెప్పుకుంటూ వచ్చారు. ఇవేవీ నేను అంతకుముందు వినలేదు. కోట సెంటర్లో ఇడ్లీ తిన్నాం. వాళ్ళ పాత వీధి అటువైపేనని చూపించారు, దిగి చూస్తామనలేదు, నేనూ బలవంతపెట్టలేదు.

ఘాట్ మొదలయ్యాక టైర్ల నిశ్శబ్దానికి పెద్ద పని లేదు. ఒట్టి హెయిర్‌పిన్ మలుపులు, 20, 30 వేగం. అక్కడ కావాల్సింది పట్టు. టైడా దాటాక మంచు పట్టి రోడ్డు తడిగా ఉంది, అయినా టైర్లు ఎక్కడా జారలేదు. పక్కగోడలు మెత్తబడటం వల్ల స్టీరింగు కొంచెం ఆలస్యంగా స్పందిస్తోంది, అది నిజం. అన్నయ్యలా వేగంగా నడిపేవాళ్ళకి నచ్చకపోవచ్చు. వెనకసీట్లో వాళ్ళ నడుములకి మాత్రం చాలా తేడా తెలిసింది. బొర్రా వైపు మలుపు దగ్గర పిన్ని గోస్తని గురించి చెప్పింది. ఈ అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల్లోంచి సాగి, తాటిపూడి మీదుగా భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. మొన్న భీమిలిలో అమ్మ చూసిన నీళ్ళు ఇక్కడివే.

గాలికొండ దగ్గర ఆగి కాఫీ తాగాం. ఈ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, ఆ చెట్లకే పాకించిన మిరియాల తీగలు. అరకు లోయ అరాబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అమ్మ రెండో కప్పు అడిగింది, ఇంట్లో ఎప్పుడూ ఒకటే.

సుంకరమెట్ట దాటాక ఒకచోట పెద్ద పెద్ద కంకర తేలిన రోడ్డు వచ్చింది. హోరు మళ్ళీ లేచింది, పాతదానంత కాకపోయినా కబుర్లు ఆగాయి. అంత గరుకు రోడ్డుని నిశ్శబ్దం చేసే టైరు లేదు. వేగం 40కి తగ్గించాను, మాట మళ్ళీ మొదలైంది. వెనక కూర్చున్నవాళ్ళ కోసం నెమ్మదించడమూ ఒక పద్ధతేనని అప్పుడు గట్టిగా అనిపించింది. గంట ముందు చేరాల్సిన అవసరమేముంది?

అరకులో మ్యూజియం, పద్మాపురం తోట చూశాం. మధ్యాహ్నం బొంగు చికెన్ పిన్ని తిన్నది, అమ్మ శాకాహారం. ఆ రాత్రి అక్కడే ఉండి, పొద్దున చల్లటి టైర్ల మీదే గాలి చూశాను. కొత్తగా లోయలోకి వెళ్ళేవాళ్ళు ఇది చేసుకోవాలి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పడిపోతే టైర్లో గాలి ఒత్తిడి 1 నుంచి 2 పీఎస్ఐ తగ్గుతుంది. గాలి తక్కువైతే టైరు అంచుల మీద నడిచి త్వరగా అరుగుతుంది, చప్పుడు తగ్గుతుంది కదా అని గాలి తగ్గించి నడపడం ప్రమాదం. డ్రైవరు తలుపు లోపలి స్టిక్కరు మీద ఉన్నంతే పెట్టుకోవాలి.

తిరుగు ప్రయాణంలో పిన్ని మధ్యలో నిద్రపోయింది. అమ్మ ముందు సీట్లోకి మారి, తాత కోట నుంచి విశాఖ వచ్చి ఏ వీధిలో అద్దెకి ఉన్నారో, మొదటి జీతంతో ఏం కొన్నారో చెబుతూ వచ్చింది. కొత్తవలస నుంచి పెందుర్తి దాకా నేను ‘ఊఁ’ కొట్టడమే, ఒక్క మాట కూడా గట్టిగా అరిచి చెప్పాల్సిరాలేదు.

వచ్చిన మర్నాడు షాపుకి వెళ్ళి వీల్ బోల్టులు, ఎంత బిగించాలో కొలిచి చూపే టార్క్ రెంచితో మళ్ళీ బిగింపు చూపించాను. చక్రాలు ఊడదీసి వేశాక కొంత దూరం తిరిగాక ఇది చెయ్యడం తప్పనిసరి. పెద్దాయన వెనక టైరు లోపలి అంచు మీద మళ్ళీ అరచెయ్యి పెట్టి రెండు దిశల్లోనూ నిమిరి, బాగుందన్నట్టు తలూపాడు. 10,000 కిలోమీటర్లకి ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చి అలైన్‌మెంట్ మరోసారి చూపించాలని, అప్పటిదాకా నెలకోసారి ఆ అంచు నేనే చేత్తో చూసుకోవాలని చెప్పాడు.