గ్యారేజీలో విమానానికి బట్ట వేసేముందు వాటర్ హీటర్ చూడండి

అమెరికాలో ఇంట్లో సొంతంగా చిన్న విమానం కట్టుకోవడానికి గ్రీన్‌కార్డు అడగరు. కానీ ఎన్-నంబరు (విమానం రిజిస్ట్రేషన్ నంబరు) మీ పేరు మీద రావాలన్నా, తను కట్టిన విమానాన్ని తనే తనిఖీ చేసుకునేందుకు కట్టినవాళ్లకిచ్చే రిపేర్‌మ్యాన్ సర్టిఫికెట్ కావాలన్నా గ్రీన్‌కార్డో పౌరసత్వమో ఉండాల్సిందే. హెచ్-1బీ వాళ్లు ముందే ఈ సంగతి తేల్చుకోండి.

ఇక రెక్కలు, బాడీ చట్రం మీద కప్పే బట్ట. దాదాపు అన్నీ పాలియెస్టరే. చదరపు గజానికి 1.7 ఔన్సులది అల్ట్రాలైట్లకి (అతి తేలికైన విమానాలకి), 2.7ది చాలా విమానాలకి, 3.4ది బరువైనవాటికి. ప్లాన్‌లో ఏది రాసుంటే అదే వేయాలి. అసలు తలనొప్పంతా జిగురు, పూతల దగ్గరే.

జిగురు, పూతలు కలిపి ఒక సిస్టమ్‌గా అమ్ముతారు. వాటిలో పాలీ-ఫైబర్ అనేదాంట్లో తప్పు దిద్దుకోవడం తేలిక, ఎంఇకె (మిథైల్ ఇథైల్ కీటోన్) అనే ద్రావకంతో తడిపి విప్పి మళ్లీ అతికించొచ్చు. చిక్కల్లా ఆ ఎంఇకెతోనే. దాని ఆవిరి గాలికన్నా బరువు, నేలమీదే పాకుతుంది. ఇంటికి ఆనుకునున్న గ్యారేజీలో చాలాచోట్ల గ్యాస్ వాటర్ హీటర్ కూడా ఉంటుంది, ఆవిరి అంటుకోవడానికి దాన్లో ఎప్పుడూ వెలుగుతుండే చిన్న పైలట్ మంట చాలు. పడకగది గ్యారేజీ పైనే ఉంటే నీటి ఆధారిత స్టీవర్ట్ సిస్టమ్ గానీ, రంగుతోనే వచ్చే జర్మన్ బట్ట ఒరాటెక్స్ గానీ నయం. ఒరాటెక్స్ ధర చూస్తే గుండె జారుతుంది. కాకపోతే రంగులు, స్ప్రే గన్, వాటికి పోయే శని-ఆదివారాలు మిగులుతాయి.

నీటి రంగంటే మాస్కు అక్కర్లేదనుకోకండి. రెండు భాగాలు కలిపి కొట్టే యురేథేన్ రంగులో ఐసోసయనేట్ అనే, ఊపిరితిత్తులకి చెరుపు చేసే రసాయనం ఉంటుంది. దానికి బొగ్గు మాస్కు చాలదు, బయటి గాలి అందించే మాస్కు పెట్టుకోవాలి.

ఏది కొన్నా జిగురు నుంచి పైరంగు దాకా ఒకే సిస్టమ్ సరుకు వాడండి. కలగాపులగం చేస్తే పూత పొరలుగా లేస్తుంది. బట్ట అడుగునున్న చట్రం చెక్కకి మామూలు వార్నిష్ కొట్టుంటే ఎంఇకె జిగురు దాన్ని కూడా ఉబ్బించేస్తుంది, రెండు భాగాల ఎపాక్సీ వార్నిషే వేయాలి.

అతికించిన బట్టని ఇస్త్రీ పెట్టె వేడితో ముడిచి బిగిస్తారు. పెట్టె డయల్‌ని నమ్మొద్దు, థర్మామీటరుతో కొలిచి డయల్ మీద గుర్తు పెట్టుకోండి. పాలీ-ఫైబర్ బట్టకి మొదట 250, చివర్లో 350 డిగ్రీల ఫారెన్‌హీట్. 350 దాటితే వదులైపోతుంది, మళ్లీ ఎంత కాల్చినా బిగియదు. ఒకేచోట ఒక్కసారిగా బిగించేస్తే రెక్క పలుచని వెనక అంచు విల్లులా వంగుతుంది. ఒరాటెక్స్‌కి వేడి లెక్కలు వేరు, దాని మాన్యువల్ చూడండి.

హ్యూస్టన్ లాంటి తేమ ఊళ్లలో డోప్ (బట్ట మీద వేసే లక్కలాంటి పూత) తెల్లగా పాలిపోతుంది. థిన్నర్ ఆవిరవుతూ బట్టని చల్లబరిస్తే గాలిలో తేమ దానిమీద చేరుతుంది. పూత నెమ్మదిగా ఆరేలా చేసే రిటార్డర్ కలపండి, లేదా పొడి రోజు దాకా ఆగండి.

అల్యూమినియం పొడి కలిపిన వెండి రంగు పూత ఎండ నుంచి బట్టని కాపాడేది. చీకట్లో లోపల బల్బు పెడితే వెలుతురు కనపడకూడదు. అలాగని ఐలెరాన్ (రెక్క చివర కదిలే పలక) వెనక అంచున రంగు దట్టంగా కొట్టారో, బ్యాలెన్స్ తప్పి ఫ్లటర్ (గాల్లో ప్రమాదకరమైన వణుకు) వస్తుంది. రంగు ఆరాక మళ్లీ తూచి చూడండి.