వీపు మీద రెండు స్లాట్లు

చేతిలో పట్టుకుని ఆడుకునే గేమింగ్ కంప్యూటర్ ఒకటి ఏడాదిన్నరగా సొంతంగా తయారు చేసుకుంటున్నాను. లోపల రాస్ప్‌బెర్రీ పై కంప్యూట్ మాడ్యూల్ 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డు, ముందు తెర, రెండు పక్కలా బటన్లు, జాయ్‌స్టిక్‌లు. ఆడుకోవడానికి అంతవరకు చాలు. కానీ మొదటి నుంచీ నాకు ఇంకో కోరిక ఉంది. దాని వీపు మీద రెండు స్లాట్లు ఉండాలి, ఆ రోజు ఏ మాడ్యూల్ (విడిగా తగిలించే ముక్క) కావాలంటే అది అందులో దూర్చుకోవాలి. ఒకరోజు స్పీకర్ ఆంప్లిఫయర్, ఇంకోరోజు ఈథర్‌నెట్, మరోరోజు రేడియో రిసీవర్.

ఇలాంటివి ముందు రాలేదని కాదు. 1998లో నింటెండో వాళ్ల చేతి గేమ్ యంత్రం గేమ్ బాయ్‌కి కెమెరా వచ్చింది, గేమ్ కార్ట్రిడ్జ్ పెట్టే చోటే దాన్ని పెట్టేవాళ్లు. 2004లో వచ్చిన నింటెండో డీఎస్‌లో గేమ్ బాయ్ అడ్వాన్స్ కార్ట్రిడ్జ్‌ల కోసం రెండో స్లాట్ ఉండేది. వైబ్రేషన్ ప్యాక్ అందులోకే వెళ్లేది, బ్రౌజర్‌కి కావలసిన అదనపు మెమరీ ప్యాకూ అందులోకే. 2008లో డీఎస్ఐ వచ్చేసరికి ఆ స్లాట్ తీసేశారు. 1999లో హ్యాండ్‌స్ప్రింగ్ వాళ్ల వైజర్ అనే అరచేతి కంప్యూటర్‌కి స్ప్రింగ్‌బోర్డ్ అనే స్లాట్ ఉండేది, దానికి కెమెరాలు, మోడెమ్‌లు కూడా వచ్చాయి. తర్వాత వాళ్లే తెచ్చిన ట్రియో ఫోన్‌లో ఆ స్లాట్ లేదు. స్లాట్ పోయాక ఆ మాడ్యూళ్లు దేనికీ పనికిరావు, ఎందుకంటే వాటిని పెట్టడానికి ఇంకో చోటు లేదు. నాకు మనసుకి కష్టంగా అనిపించేది ఇదే. చక్కగా పనిచేసే వస్తువు, పెట్టే చోటు లేక డబ్బాలో పడి ఉంటుంది.

అందుకని పని మొదలుపెట్టే ముందే ఒకటి గట్టిగా అనుకున్నాను. నా కంప్యూటర్ రేపు పాడైపోయినా దాని మాడ్యూళ్లు పనిచేస్తూనే ఉండాలి.

మొదట నా కన్ను ల్యాప్‌టాప్‌లలో ఎస్‌ఎస్‌డీలు బిగించే ఎం.2 కనెక్టర్ మీద పడింది. సన్నగా ఉంటుంది, ప్రాసెసర్‌తో వేగంగా డేటా నడిపే పీసీఐఈ నేరుగా అందుతుంది. కానీ కంప్యూట్ మాడ్యూల్ 4లో ఉన్నది ఒకే ఒక్క రెండో తరం పీసీఐఈ లేన్, అంటే ఒకే దారి. పైగా ఎం.2 కనెక్టర్ మాటిమాటికీ పెట్టి తీయడానికి చేసింది కాదు, మామూలుగా 60 సార్లకు మించి హామీ ఇవ్వరు. రోజుకి రెండు మాడ్యూళ్లు మార్చే నాకు అది నెల్లాళ్లకే అయిపోతుంది. యూఎస్‌బీ-సీ కనెక్టర్‌కి ఆ లెక్క 10,000. కాబట్టి ఆ ఒక్క లేన్‌ని లోపల 2230 అనే చిన్న సైజు ఎస్‌ఎస్‌డీకి ఇచ్చి, స్క్రూ బిగించి వదిలేశాను. వీపు మీది రెండు స్లాట్లకీ లోపలి గోడలో యూఎస్‌బీ-సీ పెట్టాను. ఫ్రేమ్‌వర్క్ ల్యాప్‌టాప్ 2021 నుంచి చేస్తున్నది ఇదే పద్ధతి, దాన్ని చూసే ధైర్యం వచ్చింది.

బోర్డు మీద మనిష్టం వచ్చినట్టు వాడుకునే జీపీఐఓ పిన్‌లు నేరుగా బయటికి లాగితే సరిపోతుంది కదా అని ఒక స్నేహితుడు అడిగాడు. లాగొచ్చు. కానీ ఆ పిన్‌ల మీద నడిచే ఐ2సీ అనే రెండు తీగల లైన్‌కి ఏం తగిలించామో లినక్స్‌కి (ఇందులోని ఆపరేటింగ్ సిస్టమ్‌కి) దానంతట అది తెలియదు, మనం ముందే రాసిపెట్టాలి. యూఎస్‌బీలో అయితే పెట్టగానే మాడ్యూల్ తనెవరో తనే చెప్పుకుంటుంది. ఆడుతూ ఆడుతూ మార్చుకోవాలంటే అదే దారి. దీనికి నేను వదులుకున్నది వేగం. కంప్యూట్ మాడ్యూల్ 4కి ఉన్నది ఒకే యూఎస్‌బీ 2.0, అంటే సెకనుకి 480 మెగాబిట్‌లు. హబ్ పెట్టి బటన్లూ రెండు స్లాట్లూ అందులోనే పంచుకోవాలి. గిగాబిట్ ఈథర్‌నెట్ పెట్టినా ఆ గీత దాటదు. నాకు పర్వాలేదు.

అసలు కష్టం కరెంటు దగ్గర వచ్చింది. మొదటి బోర్డులో బ్యాటరీ నుంచి వచ్చే 5 వోల్టుల లైన్‌నే నేరుగా స్లాట్లకి కలిపేశాను. ఈథర్‌నెట్ మాడ్యూల్ పెడితే బాగానే ఉంది. ఆంప్లిఫయర్ పెట్టగానే తెర నల్లబడి మొత్తం రీస్టార్ట్ అయింది. మళ్లీ పెట్టాను, మళ్లీ అంతే. రెండు రోజులు సాఫ్ట్‌వేర్‌లో వెతికాను. చివరికి వోల్టేజ్ మార్పుల్ని గీతగా చూపించే ఆసిలోస్కోప్ ప్రోబ్ ఆ లైన్ మీద పెట్టి చూస్తే, మాడ్యూల్ తగిలిన క్షణంలో 5 వోల్టులు కాస్తా 3.9కి పడిపోయి మళ్లీ లేస్తున్నాయి. కారణం ఆంప్లిఫయర్ బోర్డు మీద నేనే పెట్టిన 470 మైక్రోఫారడ్ కెపాసిటర్. ఖాళీగా ఉన్న కెపాసిటర్ తగిలిన మొదటి క్షణంలో దాదాపు షార్ట్ సర్క్యూట్‌లాగే కరెంటు లాగేస్తుంది. యూఎస్‌బీ నియమాల్లో పరికరం తగిలించే క్షణానికి 10 మైక్రోఫారడ్‌లకు మించకూడదని ఊరికే రాయలేదని అప్పుడు అర్థమైంది.

రెండో బోర్డులో ప్రతి స్లాట్‌కీ ఒక లోడ్ స్విచ్ చిప్ పెట్టాను. అది వోల్టేజ్‌ని మెల్లగా పైకి తెస్తుంది, 500 మిల్లీఆంప్‌లు దాటితే ఆపేస్తుంది. ఇంకో మంచి సంగతి, యూఎస్‌బీ-సీలోనే ఉన్నది: మాడ్యూల్ వైపు సీసీ పిన్ (అవతల ఏదైనా తగిలిందా అని చూసే పిన్) మీద 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్ కనిపించేదాకా ఇటువైపు 5 వోల్టులు ఇవ్వకూడదు. ఆ గుర్తునే స్విచ్‌కి కలిపాను. ఇప్పుడు ఖాళీ స్లాట్‌లో కరెంటు ఉండదు, వేలు తగిలినా తాళంచెవి తగిలినా టెన్షన్ లేదు. ఆంప్లిఫయర్ పెట్టి మళ్లీ స్కోప్ చూశాను, గీత కొంచెం వంగి అలాగే నిలబడింది. ఆ స్క్రీన్ ఫోటో తీసి దాచుకున్నాను.

బలం సంగతి కూడా చెప్పాలి. ఆడేటప్పుడు మధ్యవేళ్లు సరిగ్గా ఆ మాడ్యూళ్ల మీదే ఆనుతాయి. మొదటి బోర్డులో ఆ ఒత్తిడంతా కనెక్టర్ మీదే పడింది. మూడు వారాలకి ఒక స్లాట్ పనిచేయడం, మానడం మొదలైంది. భూతద్దంలో చూస్తే కనెక్టర్ కింద రాగి ప్యాడ్ బోర్డు నుంచి పైకి లేచి, చివర వెంట్రుకంత సందు కనిపించింది. ఇప్పుడు కనెక్టర్ కాళ్లు బోర్డులోకి దిగే రకం వాడుతున్నాను. డబ్బా గోడలకి రెండు వైపులా పట్టాలు ప్రింట్ చేశాను, మాడ్యూల్ వాటి మీద జారుతుంది, చివరి మిల్లీమీటర్లలోనే కనెక్టర్ కలుస్తుంది. పట్టాకీ మాడ్యూల్‌కీ మధ్య 0.2 మిల్లీమీటర్ల సందు ఉంచాను. 0.1 పెడితే బిగుసుకుపోయింది, 0.3 పెడితే గేమ్‌లో బటన్ నొక్కినప్పుడల్లా టకటకలాడింది. ఇందుకోసం పదకొండు ముక్కలు ప్రింట్ చేశాను, అన్నీ వరుసగా బల్ల మీద ఉన్నాయి.

పోయిన నెల తెర రిబ్బన్ కేబుల్ చిరిగి కంప్యూటర్ మొత్తం విప్పాల్సి వచ్చింది. కొత్త కేబుల్ వచ్చేదాకా రెండు వారాలు అది ముక్కలుగానే ఉంది. ఆ రెండు వారాలూ ఆంప్లిఫయర్ మాడ్యూల్‌ని మామూలు కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి తగిలించి, రాత్రిళ్లు పాటలు వింటూ పట్టాలకి ఇసుక కాగితం రుద్దాను.