ఉమ్మి అని తీసిపారేయకండి

హైడ్రోజన్ పెరాక్సైడ్ అంటే గాయం మీద పోస్తే బుసబుసా నురుగొచ్చే మందు కదా, అది మన నోట్లో కూడా ఎప్పుడూ కొద్దికొద్దిగా తయారవుతూనే ఉంటుంది. తయారుచేసేది నోట్లో కాపురముండే బ్యాక్టీరియా, ముఖ్యంగా కొన్ని స్ట్రెప్టోకాకస్ రకాలు. అది అలాగే పేరుకుపోతే లాలాజలంలోని ప్రోటీన్లు ఆక్సిడేషన్‌కి గురై, అంటే ఇనుము తుప్పుపట్టినట్టు, పాడవుతాయి. పిండిపదార్థాన్ని విడగొట్టే అమైలేజ్, సూక్ష్మజీవుల గోడలు పగలగొట్టే లైసోజైమ్, నోటిని జారుడుగా ఉంచే మ్యూసిన్, అన్నీ ప్రోటీన్లే.

అలా జరగనివ్వనిది పెరాక్సిడేజ్ అనే ఎంజైమ్. లాలాజల గ్రంథులే దాన్ని వదులుతాయి. అది ఈ పెరాక్సైడ్‌ని పట్టుకుని, లాలాజలంలోనే ఉండే థయోసయనేట్ అనే రసాయనంతో కలిపి, హైపోథయోసయనైట్‌గా మార్చేస్తుంది, మిగిలేది నీళ్ళు. ఇక్కడే నాకు భలే నచ్చే విషయం ఉంది: ఈ కొత్త పదార్థం బ్యాక్టీరియా చక్కెరని వాడుకునే ఎంజైములని దెబ్బతీస్తుంది, దాంతో పళ్ళని తినేసే ఆమ్లం తగ్గుతుంది, మన కణాలకి మాత్రం పెద్దగా హాని చెయ్యదు.

ఇంకో ప్రమాదం మన తెల్లరక్తకణాల నుంచే. చిగుళ్ళ సందుల్లోంచి అవి నోట్లోకి వస్తూ మయెలోపెరాక్సిడేజ్‌ని తెస్తాయి. క్లోరైడ్ దొరికితే అది హైపోక్లోరస్ ఆమ్లం తయారుచేస్తుంది, అంటే మన నల్లా నీళ్ళలో ఒక్కోరోజు గుప్పుమనే బ్లీచింగ్ పౌడర్ పనిచేసేది దేనితోనో, అదే. ప్రోటీన్లకి అది చాలా చెడ్డది. అయితే ఆ ఎంజైమ్‌కి క్లోరైడ్ కంటే థయోసయనేట్ మీదే మోజెక్కువ, లాలాజలంలో అది దండిగా ఉంటుంది, కాబట్టి చాలావరకు గండం తప్పుతుంది. కీళ్ళనొప్పులకి కారణమని మనం భయపడే యూరిక్ ఆసిడ్ కూడా లాలాజలంలో ముఖ్యమైన యాంటీఆక్సిడెంట్, అంటే ఆక్సిడేషన్‌ని అడ్డుకునే పదార్థం.

ఇరానీ హోటల్ బయట ఒక చేత్తో చాయ్, ఇంకో చేత్తో సిగరెట్ పట్టుకుని నిలబడే మా ఫ్రెండ్స్‌కి ఇదే చెప్తుంటాను. పొగలో ఉండే ఆల్డిహైడ్లు ప్రోటీన్లకి అతుక్కుని వాటిని పాడుచేస్తాయి, పైగా పొగ తగిలితే పెరాక్సిడేజ్ పనితనమే పడిపోతుంది. పొగతాగేవాళ్ళ లాలాజలంలో థయోసయనేట్ ఎక్కువే ఉంటుంది, కానీ దాన్ని వాడాల్సిన ఎంజైమే దెబ్బతింటే ఏం లాభం?

మా పిన్నికి అలర్జీ టాబ్లెట్లు మొదలుపెట్టాక నోరు పిడచకట్టుకుపోయేది, రాత్రిళ్ళు మంచం పక్కన చెంబు లేకపోతే నిద్ర పట్టేది కాదు. "వయసు కదరా" అని సర్దుకుపోయింది. రోజుకి అర లీటరు నుంచి లీటరున్నర దాకా ఊరాల్సిన లాలాజలం తగ్గితే ఈ రక్షణంతా తగ్గుతుంది, పళ్ళు త్వరగా పుచ్చుతాయి. ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా నోరు ఎండిపోతోందంటే టాబ్లెట్ల చీటీ పట్టుకెళ్ళి డాక్టర్‌ని అడగండి, మందు మార్చే వీలుండొచ్చు.