తాబో గోడ మీద ధాన్యాకరపు కుర్రవాడు

గుంటూరులో పుట్టి పెరిగిన చాలామందిలాగే నేను కూడా అమరావతికి లెక్కలేనన్నిసార్లు వెళ్లాను. కార్తీకంలో కృష్ణలో స్నానం చేసి, అమరేశ్వరుణ్ణి దర్శించుకుని, ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తిని, చీకటి పడేలోపు బస్సెక్కి తిరిగి రావడం మా ఇంట్లో ఏటేటా జరిగేదే. ఆ గుడికి కాస్త దూరంలోనే ఉన్న మహాస్తూపపు దిబ్బ చుట్టూ ఎన్నడైనా ఒక్క ప్రదక్షిణం పూర్తిగా చేశానా అని అడిగితే మాత్రం, అరవయ్యో ఏడు వచ్చేదాకా చేయలేదనే చెప్పాలి. ఆ లోటు నాకు తెలిసివచ్చింది హిమాలయాల్లో, స్పితి లోయలోని తాబో అనే చిన్న ఊరిలో.

జూన్‌లో మేము తొమ్మిదిమందిమి ఒక బృందంగా, స్పితి యువకుడొకరు దారి చూపిస్తుండగా, హిమాచల్ ప్రదేశ్‌లోని బౌద్ధ ఆలయాలను చూడడానికి వెళ్లాము. మనాలీ వైపు నుంచి దారి దగ్గరే అయినా, అటు వెళితే ఒక్క రోజులోనే చాలా ఎత్తుకు చేరుకోవలసి వస్తుంది. సముద్రమట్టానికి అలవాటుపడిన మన ప్రాంతం వాళ్లకు అది మంచిది కాదు. అందుకే సిమ్లా నుంచి కిన్నౌర్ మీదుగా, సట్లెజ్ నది వెంట, రోజుకు కొంత ఎత్తు చొప్పున ఎక్కుతూ వెళ్లాము. నాకో గ్రామంలో చెరువు పక్కనున్న పాత ఆలయాలను చూసి, మరునాటి మధ్యాహ్నానికి తాబో చేరుకున్నాము.

బౌద్ధ ఆరామం అనగానే కొండ కొమ్మున తెల్లటి గోడలతో నిలిచిన కట్టడం మన కళ్ల ముందు మెదులుతుంది. తాబో అలా ఉండదు. లోయ అడుగున, చదునైన నేల మీద, మట్టితో కట్టిన మొద్దు గోడలూ, వాటి మీద మట్టి కప్పులూ మాత్రమే కనిపిస్తాయి. క్రీ.శ. 996లో, పశ్చిమ టిబెట్‌లోని గూగె రాజ్యాన్ని ఏలిన యేషే ఓద్ కాలంలో దీన్ని స్థాపించారు. సంస్కృత గ్రంథాలను టిబెటన్‌లోకి తెచ్చిన మహానువాదకుడు రించెన్ జంగ్‌పో పేరును కూడా ఈ ఆలయంతో ముడిపెట్టి చెబుతారు. స్థాపించిన 46 ఏళ్లకు దాన్ని బాగుచేయించినట్లు లోపలి శాసనమే చెబుతుంది. ఋతుపవన మేఘాలను పర్వతాలు అవతలే ఆపివేయడం వల్ల స్పితిలో వాన చాలా తక్కువ. మట్టి గోడలు వెయ్యేళ్లు నిలవడానికి అదొక ముఖ్య కారణం. మన కృష్ణా తీరంలో అలాంటి గోడలు ఎన్ని వానాకాలాలు తట్టుకుంటాయో ఊహించుకోవచ్చు.

చెప్పులు విడిచి లోపలికి అడుగుపెట్టగానే పాదాలు చల్లదనానికి జివ్వుమన్నాయి. ఫోటోలు తీయనివ్వరు, అది న్యాయమే. చీకటికి కళ్లు అలవాటుపడడానికి కొన్ని నిమిషాలు పట్టింది. ఆ తరువాత, గోడల మధ్యభాగంలో, నేలకు తగలకుండా, గాలిలో కూర్చున్నట్లుగా, నిలువెత్తుకు దగ్గరగా ఉన్న మట్టి విగ్రహాలు ముప్పైకి పైగా ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. నడుమ వైరోచన బుద్ధుడు, వీపులు కలిపి నాలుగు దిక్కులకూ తిరిగి కూర్చున్న నాలుగు మూర్తులుగా ఉన్నాడు. ఇంత అందమైన మట్టి పనిని నేను మరెక్కడా చూడలేదు.

అయితే నన్ను కదలనివ్వకుండా చేసినవి ఆ విగ్రహాల కింద, మన కంటికి ఎదురుగా సాగే చిత్రాలు. ఉత్తరం వైపు బుద్ధుని జీవితకథ ఉంది. దక్షిణం వైపు ఒక యువకుడు ఒక చోటి నుంచి మరొక చోటికి వెళుతూ, ఎవరెవరికో చేతులు జోడిస్తూ మళ్లీ మళ్లీ కనిపిస్తాడు. మా గైడు తన టార్చిని ఆ బొమ్మ మీద నిలిపి, "ఇతని పేరు సుధనుడు, అంకుల్‌జీ. మీ దక్షిణాదివాడే. ధాన్యాకరమనే పట్నంలో పెద్ద షావుకారు కొడుకు" అన్నాడు.

ధాన్యాకరమన్న పేరు వినగానే ఒళ్లు ఝల్లుమంది. సుధనుని కథ గండవ్యూహ సూత్రమనే మహాయాన బౌద్ధ గ్రంథంలోనిది. మంజుశ్రీ బోధిసత్త్వుడు దక్షిణాపథానికి వచ్చి, ధాన్యాకర నగరానికి తూర్పున ఒక వనంలో, ఒక మహాచైత్యం దగ్గర బస చేస్తాడు. ఆ ఊరి జనంలో సుధనుణ్ణి గుర్తించి, జ్ఞానం కావాలంటే కల్యాణమిత్రులను, అంటే మంచిదారి చూపే గురువులను, వెదుక్కుంటూ వెళ్లమంటాడు. అక్కడి నుంచి అతడు యాభైమందికి పైగా గురువులను కలుస్తాడు. వారిలో భిక్షువులే కాదు, రాజులు, స్త్రీలు, పిల్లలు, సుగంధద్రవ్యాల వర్తకుడు, ఓడ నడిపేవాడు కూడా ఉన్నారు. ద్రమిడ దేశంలో మేఘుడనే వ్యాకరణ పండితుడూ ఉన్నాడు. జ్ఞానం ఎవరి దగ్గరైనా దొరుకుతుందని, దాని కోసం చేతులు జోడించడంలో కులమూ వయసూ అడ్డు రాకూడదని చెప్పే కథను ఇంత ఓపికగా బొమ్మలు కట్టడం చూసి నా మనసు నిండిపోయింది. ఆ ధాన్యాకరం మన ధాన్యకటకమే, అంటే అమరావతిని ఆనుకుని ఉన్న ధరణికోటే, అని కొందరు పరిశోధకులు భావిస్తారు. ఈ కథనే జావాలోని బోరోబుదూర్ బౌద్ధ స్తూపం మీద శిల్పులు 460 ఫలకాలలో చెక్కారు. గుంటూరు బడిలో చదువుకున్న నాకు మాత్రం సుధనుని పేరు ఒక్క పాఠంలోనూ ఎదురుకాలేదు, అది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

మిగిలిన రెండు రోజుల్లో చూసినవి కూడా గొప్పవే. స్పితి, పిన్ నదులు కలిసే చోటుకు పైన, కోసుకుపోతున్న మట్టి కొండ అంచున వేలాడుతున్నట్లున్న ధంకర్ ఆరామాన్ని చూస్తే భయమూ భక్తీ ఒకేసారి కలుగుతాయి. 4,166 మీటర్ల ఎత్తున ఉన్న కీ ఆరామంలో ఒక వృద్ధ లామా మాకు వేడి టీ ఇచ్చి, ఎక్కడి నుంచి వచ్చారని అడిగారు. గుంటూరు అంటే ఆయనకు తెలియలేదు. అమరావతి అనగానే మాత్రం ముఖం వెలిగింది. బుద్ధుడు కాలచక్ర తంత్రమనే గూఢ సాధనా మార్గాన్ని ధాన్యకటక స్తూపం దగ్గరే బోధించాడని టిబెటన్ సంప్రదాయం నమ్ముతుంది. దలైలామా కాలచక్ర దీక్షలను 1983లోనూ 1996లోనూ తాబోలో, 2000లో ఇదే కీలో, 2006లో మన అమరావతిలో నిర్వహించారు. ఆ 2006 జనవరిలో మా ఊరి రోడ్ల మీద మెరూన్ రంగు వస్త్రాలతో నడిచిన వేలాదిమందిని నేనూ చూశాను, కానీ వారు ఎందుకు వచ్చారో ఆరా తీయలేదు. లాసా దగ్గర 1416లో స్థాపించిన ద్రెపుంగ్ మహావిహారం పేరుకు అర్థం ధాన్యపు రాశి అనీ, అది మన ధాన్యకటకం పేరు నుంచే వచ్చిందనీ ఆ వృద్ధ లామా చెప్పారు. మన ఊరి పేరు టిబెటన్ల నోట ఆరు వందల ఏళ్లుగా పలుకుతూనే ఉందన్నమాట.

వెళ్లదలచిన వారికి రెండు మాటలు చెబుతాను. తాబోకు కనీసం ఒక పూర్తి రోజు కేటాయించండి, మా బృందంలాగా మధ్యాహ్నం చేరి మరునాటి ఉదయమే బయలుదేరవద్దు. మందమైన ఉన్ని మేజోళ్లు వెంట తీసుకెళ్లండి. గోడల మీద బొమ్మలను మాత్రం వేలితో తాకకండి.

తిరిగి వచ్చిన తరువాతి ఆదివారం తెల్లవారుజామున, ఎండ ముదరకముందే, అమరావతికి వెళ్లాను. ఈసారి ముందుగా స్తూపం దగ్గరికే నడిచాను. ధరణికోట ఇక్కడికి పడమట ఉంది, స్తూపం తూర్పున ఉంది. సూత్రంలో చెప్పిన దిక్కు కూడా అదే. గడ్డి మీద మంచు లేదు, కానీ కృష్ణ మీది నుంచి కొంచెం గాలి వస్తోంది. విరిగిన సున్నపురాతి పలకల పక్కగా, తాబోలో నేర్చుకున్నట్లే నెమ్మదిగా, కుడిచేయి స్తూపం వైపు ఉండేలా మూడుసార్లు చుట్టి వచ్చాను.