ఆరో రోజు రెండేసి ఓమెర్లు

"ఏనాటి కీడు ఆనాటికి చాలును" అన్న బైబిలు వాక్యం పట్టుకుని, దాచుకోవడమే అవిశ్వాసం అన్నట్టు చెప్పేవాళ్లున్నారు. విశాఖ ఫిషింగ్ హార్బరు చుట్టుపక్కల ఇళ్లకి ఆ బోధ పనికిరాదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం. మరబోట్లు, ఇంజను పడవలు కదలవు. ఇంజను లేని తెప్పలకే మినహాయింపు. పడవ మీద పనిచేసే కళాసీకి వేటలో వచ్చే వాటా ఉండదు.

నిర్గమకాండం 16వ అధ్యాయం నిదానంగా చదవండి. ఎడారిలో ఇశ్రాయేలీయులకి దేవుడు కురిపించిన ఆహారం మన్నా. మనిషికి రోజుకి ఒక ఓమెరు, అంటే సుమారు రెండు లీటర్ల కొలత. మర్నాటికని దాచినవాళ్లది పురుగుపట్టి కంపు కొట్టింది. ఆరో రోజు మాత్రం రెండేసి ఓమెర్లు కూర్చుకున్నారు, తెల్లారినా అది చెడిపోలేదు. మన్నా అదే, మనుషులూ వాళ్లే. ఏడో రోజు కురవదని దేవుడు ముందే చెప్పాడు, అంతే తేడా. చెప్పినదానికి సిద్ధపడితే విధేయత, చెప్పనిదానికి బెదిరి పోగేస్తే చింత. నిషేధం తేదీలతో సహా ముందే తెలిసిన ఏడో రోజు.

ఇంటిఖర్చు రోజుకి 300 అనుకుంటే 61 రోజులకి 18,300. జనవరి 15 నుంచి ఏప్రిల్ 14 దాకా 90 రోజులున్నాయి. పదిహేను రోజులకోసారి వాటా చేతికొస్తుందనుకుంటే ఒక్కోసారి 3,050 పక్కన పెట్టాలి, అదీ పంచుకున్న రోజే. ఖర్చులయ్యాక చూద్దాంలే అంటే మిగలదు. లెక్క ఎక్కువగా తప్పేది జూన్‌లో: బళ్లు తెరుస్తారు, పుస్తకాలూ బట్టలూ నిషేధం ముగియకముందే కొనాలి. అప్పుడు నూటికి ఐదు వడ్డీకి 20,000 తెస్తే నెలకి వెయ్యి, మొదటి వేట వాటాలోంచే పోతుంది. అప్పు తెచ్చి కానుక వేస్తే రెట్టింపు వస్తుందన్న మాట అసలే నమ్మకండి. అది దేవుడితో చీటీపాట.

ఇంత చేసినా లెక్కకందనివి ఉంటాయి. జ్వరం, ఇంజను రిపేరు, వల ఖాళీగా రావడం. అవి ప్రార్థనకి వదలాల్సినవి. రాత్రి పడుకునేముందు రేపటికి కావాల్సింది ఒక్కటి పేరుపెట్టి అడగండి. "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము" అన్నదాంట్లో నేడు ఉంది, జూన్ లేదు. ప్రార్థన అయ్యాక మళ్లీ లేచి ఫోనులో కూడికలు మొదలెడితేనే నిద్ర చెడేది. మొత్తం అంకె ఆదివారం సాయంత్రం ఒక్కసారి చూసుకుంటే చాలు. లూకా సువార్త 12లో యేసు కాకుల్ని చూడమన్నాడు కదా, అవీ పొద్దున్నే చేపల వేలం దగ్గరికి రెక్కలాడించుకుంటూ రావాల్సిందే.

మన్నా గురించిన ఆ నిర్గమకాండం అధ్యాయంలోనే ఇంకోటి: ఎక్కువ కూర్చినవాడికి మిగల్లేదు, తక్కువ కూర్చినవాడికి తక్కువ కాలేదు. జూన్ మొదటివారంలో బియ్యం డబ్బా కొలిచి చూడండి. పద్నాలుగుదాకా సరిపోగా రెండు కిలోలు పైన ఉంటే, అప్పటికే డబ్బా అడుగంటిన ఇల్లు మీ వీధిలోనే ఉంటుంది.