నిలబడి ఎదురుచూసేవాళ్లు

నల్గొండ జిల్లాలో నడుము నొప్పి అంటే ఎవరూ రెండో ప్రశ్న వెయ్యరు. "నీళ్లు బిడ్డా, నీళ్లు" అనేసి ఊరుకుంటారు. మాది మునుగోడు వైపు పల్లె. మా నాన్న పళ్ల మీద గోధుమరంగు చారలు, మా పెద్దమ్మ వంకర తిరిగిన మోకాళ్లు చూస్తూ పెరిగాను. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న సంగతి మా ఊళ్లో చదువురాని వాళ్లకూ తెలుసు. కృష్ణా నీళ్లు నల్లాలో వచ్చేదాకా మేం తాగినవి బోరు నీళ్లే.

అందుకని రెండో కాన్పు అయ్యాక నాకు నడుము పట్టెయ్యడం మొదలైతే ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. అమ్మావాళ్లది నీళ్ల పార్టీ. అత్తమ్మది సూది పార్టీ. "ఆపరేషనప్పుడు వెన్నుకు సూదిచ్చిన్రు గదా, ఆ నొప్పి ఇగ పోదు" అని తీర్పు చెప్పేసింది. రెండు జవాబులూ చేతిలో ఉన్నాయి కాబట్టి, ఈ నొప్పి తీరే వేరుగా ఉందన్న మాట ఎవరి చెవికీ ఎక్కలేదు.

తెల్లవారుజామున నొప్పికే మెలకువ వచ్చేది. మంచం మీద పక్కకు తిరగాలంటే ముందు దుప్పటి పట్టుకుని, మోకాళ్లు మడిచి, ఒళ్లంతా ఒకేసారి తిప్పాలి. లేచి వాకిలి ఊడ్చి, నీళ్లు పట్టి, పిల్లలకు టిఫిన్ పెట్టేసరికి సగం తగ్గేది. ఆదివారం కదా అని పడుకుంటే రెట్టింపయ్యేది. పని చేస్తే తగ్గే నొప్పి అని చెప్తే మా అత్తమ్మకు ఆ రోగం భలే నచ్చింది.

ఒకోసారి కుడి పిరుదులో, ఒకోసారి ఎడమ దాంట్లో. ఆ మాట డాక్టరు ముందు అనడానికి నోరు రాక "నడుమండీ" అనేదాన్ని. మడమ నొప్పికి చెప్పులు మార్చమన్నారు. కన్ను ఎర్రబడితే కండ్లకలక అని మెడికల్ షాపు అబ్బాయి చుక్కల మందు ఇచ్చాడు. ఇవన్నీ ఒకే కథలో ముక్కలని అనుకోవడానికి ఎవరికీ కారణం లేదు. నేను ప్రైవేటు బడిలో లెక్కలు చెప్తాను. "టీచరమ్మకు టెన్షన్ ఎక్కువ" అన్న మాట కూడా పడింది.

కన్ను రెండోసారి ఎర్రబడినప్పుడు ట్యూబ్‌లైటు వెలుగు కూడా భరించలేకపోయాను. పుసి లేదు, దురద లేదు, లోపల గుచ్చినట్టు నొప్పి. నల్గొండలోనే కంటి డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే, పరీక్ష చేసి కాసేపు ఆగి అడిగింది: "పొద్దున లేవగానే నడుము పట్టేస్తుందా? అరగంట పైన పడుతుందా సర్దుకోవడానికి?" కంటి డాక్టరు నడుము సంగతి అడగడమేంటని మా ఆయన నా మొహం చూశాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. నొప్పి ఎక్కడ అని అందరూ అడిగారు గాని ఎప్పుడు అని అడిగింది ఆమె ఒక్కతే.

ఆవిడే కీళ్లవాతపు జబ్బులు చూసే రుమటాలజీకి రాసిచ్చింది. హైదరాబాద్ వెళ్లాం. రక్తపరీక్షలో హెచ్ఎల్ఏ-బి27 పాజిటివ్, అంటే ఈ జబ్బుతో ముడిపడ్డ జన్యువు ఉందని. ఎం.ఆర్.ఐ.లో నడుము కింద, తుంటి ఎముకకూ వెన్నుకూ మధ్య ఉండే కీళ్లలో వాపు. యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అన్నారు. ఒంట్లోని రక్షణ వ్యవస్థే వెన్ను మీద, కీళ్ల మీద పడి వాపు తెప్పించే జబ్బు. కన్నూ, మడమా కూడా ఈ కథలోవే. మాది నల్గొండ అనగానే డాక్టరు ముంజేతికి కూడా ఎక్స్‌రే తీయించాడు. ఫ్లోరోసిస్‌లో కూడా వెన్ను బిగుసుకుపోతుందట, అస్థిబంధనాలు గట్టిపడతాయట. ముంజేతి రెండెముకల మధ్య పొర గట్టిపడి ఉంటే అది ఫ్లోరైడ్ వైపు చూపిస్తుందని చెప్పాడు. నాకు అది లేదు. నీళ్ల పార్టీ ఓడిపోయింది. సూది పార్టీ ఇప్పటికీ ఒప్పుకోలేదు.

అసలు నేను రాయాలనుకున్నది ఆ ఓపీ హాలు గురించి. వరసగా స్టీలు కుర్చీలు, కొన్ని ఖాళీగానే ఉన్నాయి. అయినా గోడ వెంట కొందరు నిలబడి ఉన్నారు. కాసేపు కూర్చుని నేనూ లేచి గోడకు చేరాను. పక్కనున్నాయన నవ్వి, "మీకు పొద్దున ఎంతసేపు?" అన్నాడు. పేరు అడగలేదు, ఊరు అడగలేదు. "గంట పైనే" అన్నాను. "నాకు మందులు పడ్డంక పదిహేను నిమిషాలకు వచ్చింది" అన్నాడు. మిర్యాలగూడలో రైస్ మిల్లు గుమాస్తా. ఆయన ద్వారా హాలియా అక్క పరిచయమైంది, ఆమె అంగన్వాడీ టీచరు. అలా ఇంకో నలుగురైదుగురు. మాకు పేర్ల కంటే ఊళ్లే వాడుకయ్యాయి.

వీలైన ఆదివారాలు పొద్దున్నే నల్గొండ ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో కలుస్తాం. నడుస్తాం, ఒళ్లు సాగదీస్తాం, ఆ తర్వాత గోడ పరీక్ష. మడమలు, వీపు గోడకు ఆనించి నిలబడాలి, గడ్డం పైకెత్తకూడదు. తల వెనక భాగం గోడకు తగలాలి. తగలకపోతే ఆ సందులో పక్కవాళ్లు వేళ్లు పెట్టి చూస్తారు. మిర్యాలగూడ అన్నకు నాలుగు వేళ్లు పడతాయి. ఆయనకు జబ్బు పేరు తెలిసేలోపే మెడ కొంత వంగిపోయింది. నాకు తల ఆనుతుంది. ఆనిన ప్రతిసారీ ఆయనే ముందు చప్పట్లు కొడతాడు. నాకు సిగ్గేస్తుంది.

డాక్టరు దగ్గర మనకు దొరికేది ఐదు నిమిషాలు. మిగతాదంతా వీళ్ల దగ్గరే నేర్చుకున్నాను. దిండు పల్చగా ఉండాలని, రోజూ కాసేపు బోర్లా పడుకోవాలని. రక్షణ వ్యవస్థ దూకుడు తగ్గించే అడాలిముమాబ్ ఇంజెక్షన్ రాస్తే, దానికి ముందు ఛాతీ ఎక్స్‌రే, టీబీ పరీక్ష ఎందుకో చెప్పింది కూడా హాలియా అక్కే. లోపల నిద్రపోతున్న టీబీ ఉంటే ఈ మందుకు లేస్తుంది. ఇక ఆ మందును హైదరాబాద్ నుంచి తేవడం ఒక ప్రహసనం. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డ కట్టకూడదు. థర్మాకోల్ డబ్బాలో ఐస్ ప్యాక్‌ల మధ్య పెట్టి, మందు పెట్టెకు ఐస్ నేరుగా తగలకుండా టవల్ చుట్టి, ఎల్బీనగర్‌లో బస్సెక్కుతాను. ఆడవాళ్లకు బస్సు ఉచితం చేసిన మహాలక్ష్మి పథకం వచ్చినప్పటి నుంచి సీటు దొరకదని అందరూ గొణుగుతారు. నేను మాత్రం చౌటుప్పల్ దాకా హాయిగా నిలబడి వస్తాను. ఇంట్లో ఫ్రిజ్‌లో దాని చోటు మధ్య అరలో, పెరుగు గిన్నె వెనక. తలుపులో పెట్టకూడదు, ఫ్రీజర్ కింద పెట్టకూడదు. వేసుకునే ముందు అరగంట బయట పెడితే మంట తక్కువ. ఈ చివరి మాట మాత్రం నాకు బంగారమే.

అందరం ఒకే మాట మీద ఉంటామనుకోకండి. ఒకతను ఆర్ఎంపీ ఇచ్చే పొట్లాలతో బ్రహ్మాండంగా ఉందని చెప్తాడు. ఏ మందో పేరు లేని పొట్లం అంత త్వరగా పని చేస్తే అందులో స్టెరాయిడ్ ఉందేమోనని నా అనుమానం. ఆ మాట ఆయన మొహం మీదే అన్నాను, నెలపాటు నాతో మాట్లాడలేదు. మందు మార్చడం, మానడం గ్రౌండ్‌లో తేల్చే విషయం కాదని నేను గట్టిగా అంటాను. కన్ను ఎర్రబడి వెలుతురు చూడలేకపోతే మాత్రం ఎవరినీ అడగక్కర్లేదు, అదే రోజు కంటి డాక్టరు.

ఈ మధ్య దేవరకొండ నుంచి డిగ్రీ ఫైనలియర్ పిల్ల ఒకతె వస్తోంది, వెంట తల్లి. పిరుదు నొప్పి అని డాక్టరుకు చెప్పలేకపోయానని ఆ పిల్ల అంటే హాలియా అక్క, నేను ఒకరి మొహం ఒకరు చూసుకుని పగలబడి నవ్వాం. తల్లి బాధ వేరే. "సంబంధాలు చూస్తున్నం. ఈ సంగతి మగపిల్లగాని వాళ్లకు చెప్పాల్నా, వద్దా?"

హాలియా అక్క వద్దంది. మిర్యాలగూడ అన్న, మాటలు కుదిరాక అబ్బాయికొక్కడికే చెప్పమన్నాడు. నేను ముందే చెప్పాలన్నాను. దాచితే ఆ పిల్ల రోజూ పొద్దున బాగున్నట్టు నటించాలి, అది నొప్పి కంటే కష్టం. ఆ జన్యువు ఉన్నవాళ్లలో చాలామందికి జబ్బే రాదని, పిల్లల్ని కనొచ్చని, కాకపోతే మందుల సంగతి ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలని నాకు చెప్పినవే ఆమెకూ చెప్పాను.

"మీరు ముగ్గురు మూడు తీర్ల చెప్పవడ్తిరి" అంది తల్లి.

"అమ్మా, ముందు వాళ్లింట్ల ఫ్రిజ్ ఉన్నదా అడుగు" అంది పిల్ల.

తల్లి నవ్వలేదు. రుమటాలజీ డాక్టరును ఈసారి తనే అడుగుతానని, ఏమేం అడగాలో కాగితం మీద రాసిమ్మని నా చేతికి పెన్ను ఇచ్చింది.